పోర్ట్‌లెట్ ఏ దారిలో రాయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండలో నా దగ్గర జావా నేర్చుకునే పిల్లలు, మహబూబ్‌నగర్ నుంచి ఫోన్ చేసే పాత కొలీగ్స్, అందరూ తిప్పి తిప్పి ఇవే అడుగుతారు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక ఒకచోట రాసి పెట్టాను. చాలా ఏళ్లు ఈ పని మీదే బతికినవాణ్ని కాబట్టి నా ఇష్టాయిష్టాలు జవాబుల్లో తొంగిచూస్తాయి.

అసలు పోర్ట్‌లెట్ అంటే ఏంటి? మామూలు వెబ్ అప్లికేషన్‌కి దీనికి తేడా ఏంటి?

జడ్చర్ల దగ్గర బాదేపల్లి మార్కెట్ యార్డు చూసినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. గేటు, షెడ్లు, లైట్లు, కాపలా అన్నీ మార్కెట్ కమిటీవి. లోపల అడ్తి దుకాణాలు మాత్రం ఎవరివి వాళ్లవి. పోర్టల్ అంటే యార్డు. లాగిన్, పేజీలో ఏది ఎక్కడుండాలి, ఎవరికి ఏది కనిపించాలి అన్నవి అది చూసుకుంటుంది. పోర్ట్‌లెట్ అంటే అందులో ఒక దుకాణం. మన సరుకు, మన లెక్క.

సర్వ్‌లెట్ (వెబ్ రిక్వెస్టుకి జవాబిచ్చే జావా క్లాసు) రాస్తే పేజీ మొత్తం మనదే. పోర్ట్‌లెట్‌లో మనది పేజీలో ఒక ముక్కే. అందుకని హెచ్‌టీఎమ్ఎల్, హెడ్, బాడీ ట్యాగులు మనం రాయకూడదు. లింకు కావాలన్నా సొంతంగా అల్లుకోకూడదు, కంటెయినర్‌ని, అంటే పోర్టల్‌లో పోర్ట్‌లెట్లను నడిపించే భాగాన్ని, అడిగి తీసుకోవాలి. ప్రతి పోర్ట్‌లెట్‌కీ వ్యూ మోడ్ తప్పనిసరి, ఎడిట్, హెల్ప్ మోడ్‌లు కావాలంటే పెట్టుకోవచ్చు. నార్మల్, మినిమైజ్డ్, మాక్సిమైజ్డ్ అనే విండో స్టేట్‌లూ ఉంటాయి.

యార్డు పోలిక ఇంతవరకే పనికొస్తుంది. యార్డులో పక్క దుకాణంలో బేరం జరిగితే మన షట్టర్ మళ్లీ ఎత్తక్కర్లేదు. పోర్టల్‌లో ఎత్తాలి. ఈ ఒక్క ముక్క అర్థం కాకే సగం తిప్పలు వస్తాయి, కింద చెబుతాను.

ఈ రోజుల్లో పోర్ట్‌లెట్లు ఎవరు వాడుతున్నారన్నా? నేర్చుకుంటే టైమ్ వేస్ట్ కాదా?

కొత్త స్టార్టప్‌లు వాడవు. బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు, ప్రభుత్వ శాఖలు, యూనివర్సిటీలు పదిహేనేళ్ల కింద కట్టుకున్న పోర్టళ్లు ఇంకా నడుస్తున్నాయి, వాటిని చూసుకునే మనుషులు కావాలి. 2000లో బ్రయన్ చాన్ మొదలుపెట్టిన లైఫ్‌రే అనే పోర్టల్ ఇప్పటికీ బతికే ఉంది. ఐబీఎం వెబ్‌స్ఫియర్ పోర్టల్ 2019లో హెచ్‌సీఎల్ చేతికి పోయి పేరు మార్చుకుంది. ఒరాకిల్‌కి వెబ్‌సెంటర్ ఉంది, యూనివర్సిటీల వైపు యూపోర్టల్ ఉంది. ఫ్యాషన్ పోయిందనడం నిజమే. పని పోయిందనడం మాత్రం నిజం కాదు.

జేఎస్ఆర్ 168, 286, 362 అంటారు కదా, ఇవన్నీ చదవాలా?

జేఎస్ఆర్ అంటే జావా స్టాండర్డ్ పత్రం, పక్కనుండేది దాని నంబరు. ఏది ఎందుకొచ్చిందో తెలిస్తే చాలు. 2003లో వచ్చిన 168 అంటే పోర్ట్‌లెట్ 1.0. అంతకుముందు ఏ కంపెనీ పోర్టల్‌కి ఆ కంపెనీ ఏపీఐ, ఒకదానికి రాసింది ఇంకోదాంట్లో ఎక్కేది కాదు. ఆ గోడ 168తో పడిపోయింది. కానీ అందులో ఒక పోర్ట్‌లెట్ ఇంకో పోర్ట్‌లెట్‌తో మాట్లాడే పద్ధతి సరిగా లేదు. పీడీఎఫ్ డౌన్‌లోడ్ ఇవ్వాలంటే పక్కన ఒక సర్వ్‌లెట్ పెట్టుకోవాల్సి వచ్చేది. 2008లో 286, అంటే 2.0, ఈవెంట్లు, పబ్లిక్ రెండర్ పారామీటర్లు (రెండర్ అంటే పోర్ట్‌లెట్ తన ముక్కని గీసి చూపించడం), రిసోర్స్ రిక్వెస్టులు, ఫిల్టర్లు తెచ్చింది. 2017లో వచ్చిన 362, అంటే 3.0, యానొటేషన్లు, సీడీఐ (కావాల్సిన ఆబ్జెక్టులను కంటెయినరే అందించే పద్ధతి), అసింక్ సపోర్ట్, బ్రౌజర్ వైపు పోర్ట్‌లెట్ హబ్ ఇచ్చింది. బయట మీకు తగిలే కోడ్ ఎక్కువ భాగం 286 మీద ఉంటుంది. ముందు దాన్ని గట్టిగా పట్టండి.

ఫ్రేమ్‌వర్క్ ఏదీ లేకుండా నేరుగా స్టాండర్డ్ ఏపీఐతో రాస్తే ఎట్లుంటుంది?

నేను కొత్తవాళ్లకు మొదట ఇదే చేయిస్తాను. జెనరిక్ పోర్ట్‌లెట్ క్లాసుని ఎక్స్‌టెండ్ చేయడం, డూవ్యూలో చూపించేది రాయడం, ప్రాసెస్ యాక్షన్‌లో చేసేది రాయడం, పోర్ట్‌లెట్ ఎక్స్‌ఎమ్ఎల్‌లో దాని పేరు నమోదు చేయడం. అంతే. చిన్న పోర్ట్‌లెట్‌కి ఇంతకంటే తేలికైన దారి లేదు.

చూపించేది, చేసేది వేరువేరుగా ఎందుకున్నాయో మాత్రం ఒంటికి పట్టించుకోవాలి. నాకు ఎట్లా పట్టిందో చెబుతా.

హైదరాబాద్‌లో పనిచేసే రోజుల్లో మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులతో లావాదేవీలున్న ఒక క్లయింట్‌కి పోర్టల్ కట్టాం. అందులో లారీ ఎంట్రీ పోర్ట్‌లెట్ నాది. గుమస్తా లారీ నంబరు, బస్తాల సంఖ్య కొట్టి సేవ్ నొక్కుతాడు, లెక్క డేటాబేస్‌లో పడుతుంది. తొందరలో ఫారమ్‌ని రెండర్ యూఆర్ఎల్‌కి పంపి, సేవ్ చేసే కోడ్ డూవ్యూలోనే రాసేశాను. నా మెషీన్‌లో బాగానే నడిచింది, ఎందుకంటే పేజీ మీద నా పోర్ట్‌లెట్ ఒక్కటే ఉంది. అక్కడ మాత్రం దాని పక్కనే నోటీసుల పోర్ట్‌లెట్ పెట్టారు. గుమస్తా 280 బస్తాల లారీ ఎంట్రీ చేసి, పక్కన నోటీసుల్లో రెండో పేజీ నొక్కాడు. పోర్టల్ మళ్లీ అన్ని పోర్ట్‌లెట్లనూ రెండర్ చేసింది. నా పోర్ట్‌లెట్ రెండర్ పారామీటర్లను అది జాగ్రత్తగా దాచి మళ్లీ నాకే ఇచ్చింది. అది చేయాల్సిన పని అదే. నా డూవ్యూ వాటిని చూసి ఇంకో 280 బస్తాలు దించింది. మూడో పేజీకి ఇంకో 280.

సాయంత్రం ఫోన్ వచ్చింది. "సార్, మా దగ్గర దిగింది ఒక్క లారీ. మీ కంప్యూటర్‌ల ఏడు లారీలు దిగినయ్."

అప్పటి నుంచి నాకు రెండర్ ఫేజ్ అంటే చూడ్డానికే, ముట్టుకోడానికి కాదు. పేజీలో ఎవరు ఎక్కడ క్లిక్ చేసినా మన రెండర్ మళ్లీ నడుస్తుంది, ఎన్నిసార్లన్నది మన చేతుల్లో లేదు. ఒక్కో కంటెయినర్ అన్ని పోర్ట్‌లెట్ల రెండర్లనూ ఒకేసారి సమాంతరంగా నడిపించొచ్చు కూడా, స్పెక్ దానికి ఒప్పుకుంటుంది. రాసే పని, మార్చే పని, మెయిల్ పంపే పని అన్నీ ప్రాసెస్ యాక్షన్‌లోనే ఉండాలి. యాక్షన్ అయ్యాక రీడైరెక్ట్ కూడా చేయండి. లేకపోతే యూజర్ ఎఫ్5 కొడితే అదే లారీ మళ్లీ లోపలికొచ్చే పోర్టళ్లు ఉన్నాయి. ఒక చిన్న కిరికిరి ఏంటంటే, పాత పద్ధతిలో ఒకే యాక్షన్‌లో రెండర్ పారామీటర్ సెట్ చేసి మళ్లీ రీడైరెక్ట్ కూడా పిలిస్తే ఇల్లీగల్ స్టేట్ ఎక్సెప్షన్ వస్తుంది. రెంట్లో ఒకటే.

నేరుగా రాయడంలో కష్టం ఫారమ్‌లు పెరిగినప్పుడు తెలుస్తుంది. వాలిడేషన్, ఎర్రర్ మెసేజ్‌లు, పారామీటర్లను ఆబ్జెక్టులుగా మార్చుకోవడం, అన్నీ చేత్తో రాయాలి. నాలుగైదు స్క్రీన్లు దాటాక ప్రాసెస్ యాక్షన్ నిండా ఇఫ్, ఎల్స్ ఇఫ్‌లే కనిపిస్తాయి.

అందుకేనా స్ప్రింగ్ వాడేది?

అవును, స్ప్రింగ్ ఒక జావా ఫ్రేమ్‌వర్క్, ఎంవీసీ అంటే డేటా, చూపించేది, నడిపించే కంట్రోలర్ మూడూ వేరుగా ఉంచే పద్ధతి. ఒకప్పుడు స్ప్రింగ్ పోర్ట్‌లెట్ ఎంవీసీ చాలామందికి మొదటి ఎంపిక. స్ప్రింగ్ 2.0తో వచ్చింది. వెబ్ ఎంవీసీ తెలిసినవాడికి రెండు రోజుల్లో చేతికొచ్చేది. యాక్షన్‌కి ఒక మెథడ్, రెండర్‌కి ఒక మెథడ్, మీద యానొటేషన్. టెస్టులు రాయడం కూడా తేలిక. నాకిప్పటికీ ఆ కోడ్ చూస్తే ముచ్చటేస్తుంది.

2017లో స్ప్రింగ్ 5.0 వచ్చినప్పుడు దాన్ని మొత్తంగా తీసేశారు. స్ప్రింగ్ 4 మీద కూర్చున్న టీములు పరేషాన్ అయ్యాయి. సెక్యూరిటీ ప్యాచ్‌ల కోసం పైకి పోవాలి, పోతే పోర్ట్‌లెట్ మాడ్యూల్ లేదు. తర్వాత లైఫ్‌రే వాళ్లు ఆ కోడ్‌ని దత్తత తీసుకుని పోర్ట్‌లెట్‌ఎంవీసీఫర్‌స్ప్రింగ్ పేరుతో బయటికి తెచ్చారు. కాబట్టి పాత స్ప్రింగ్ పోర్ట్‌లెట్లు మీ చేతికొస్తే కంగారు పడకండి, దారి ఉంది. కొత్తగా మొదలుపెట్టే ప్రాజెక్టుకి మాత్రం నేను దీన్ని సూచించను.

ఆ ఏడాది మా టీములో ఇద్దరం స్ప్రింగ్ పోర్ట్‌లెట్లను వేరే దారిలోకి మార్చే ఒకే రకమైన పని చేశాం. నా పోర్ట్‌లెట్లలో కంట్రోలర్లు లావుగా ఉన్నాయి. డేటాబేస్ క్వెరీలు, లెక్కలు, అన్నీ అందులోనే. పక్క సీటు అతను లెక్కంతా వేరే జార్‌లో సర్వీస్ క్లాసుల్లో పెట్టి, కంట్రోలర్‌లో పది లైన్లు మాత్రమే ఉంచాడు. అతను మూడు వారాల్లో బయటపడ్డాడు, నేను దసరాకి ఇంటికి పోలేదు.

జేఎస్‌ఎఫ్ బ్రిడ్జి అంటే? అది మంచిదా?

జేఎస్‌ఎఫ్ అంటే జావాలో వెబ్ స్క్రీన్లు కట్టే ఫ్రేమ్‌వర్క్. దానికి తన సొంత లైఫ్‌సైకిల్ ఉంది, పోర్ట్‌లెట్‌కి తనది. రెంటినీ కలిపే మధ్యవర్తే బ్రిడ్జి. పోర్ట్‌లెట్ 1.0కి జేఎస్ఆర్ 301, 2.0కి జేఎస్ఆర్ 329 అని దీనికీ స్టాండర్డ్‌లు రాశారు. ఫారమ్‌లు, టేబుళ్లు, క్యాలెండర్లు దండిగా ఉన్న లోపలి అప్లికేషన్లకు రెడీమేడ్ కాంపొనెంట్లు దొరుకుతాయి కాబట్టి పని తొందరగా తెగుతుంది. బగ్ వస్తే మాత్రం అది జేఎస్‌ఎఫ్‌దా, బ్రిడ్జిదా, పోర్టల్‌దా, కాంపొనెంట్ లైబ్రరీదా అని నాలుగు గుమ్మాలు తిరగాలి. నాలుగింటి వెర్షన్లూ ఒకదానికొకటి పొసగాలి. ముందే జేఎస్‌ఎఫ్ బాగా వచ్చిన టీము ఉంటేనే ఈ దారి.

స్ట్రట్స్ అనే పాత జావా ఫ్రేమ్‌వర్క్‌కీ ఇలాంటి బ్రిడ్జి ఉండేది. ఎక్కడైనా కనిపిస్తే నమస్కారం పెట్టి, దాన్ని ఎప్పుడు తీసేస్తారో మేనేజర్‌ని అడగండి.

లైఫ్‌రే సొంత ఎంవీసీ పోర్ట్‌లెట్ వాడితే లాక్ అయిపోతామా?

అవుతాం, కొంత. లైఫ్‌రే 7 నుంచి పోర్ట్‌లెట్లు ఓఎస్‌జీఐ మాడ్యూళ్లుగా, అంటే విడివిడిగా ఎక్కించి దించగలిగే జార్‌లుగా, ఎక్కుతాయి. రెండర్‌కి ఒక కమాండ్ క్లాసు, యాక్షన్‌కి ఒకటి, రిసోర్స్‌కి ఒకటి విడిగా రాసుకోవచ్చు. ఇఫ్, ఎల్స్ ఇఫ్ గొడవ పోతుంది. సర్వర్ ఆపకుండానే జార్ మార్చుకోవచ్చు. పర్మిషన్లు, వర్క్‌ఫ్లో, సెర్చ్ అన్నీ చేతికందే దూరంలో ఉంటాయి. ఇంత సుఖం ఇచ్చాక ఆ పోర్టల్‌ని వదలడం కష్టమే.

కంపెనీ ఆ పోర్టల్‌కి లైసెన్సు కట్టి పదేళ్లు అందులోనే ఉంటానంటే లాక్ గురించి టెన్షన్ పడటం అనవసరం. పోర్టల్ మార్చే పని జీవితంలో ఒక్కసారి వస్తుందేమో, అదే పోర్టల్ వెర్షన్ మార్చే పని మాత్రం మూడు నాలుగేళ్లకోసారి తప్పదు. 6 నుంచి 7కి పోయినప్పుడు ప్యాకేజీ పేర్లు మారి ఇంపోర్టులన్నీ ఎర్రగా కనిపించాయి. స్టాండర్డ్ ఏపీఐ మీదే ఆగిన పోర్ట్‌లెట్లు పెద్దగా సతాయించలేదు. పోర్టల్ లోపలి క్లాసులను ఎక్కడపడితే అక్కడ పిలిచినవే ఏడిపించాయి. కాబట్టి వాడండి, కానీ ఆ పిలుపులన్నీ ఒక చోటే ఉండేలా చూసుకోండి.

మాకు రియాక్ట్ వచ్చు. పోర్ట్‌లెట్‌లో రియాక్ట్ పెట్టొచ్చా?

పెట్టొచ్చు, ఇప్పుడు ఎక్కువమంది చేసేదే అది. పోర్ట్‌లెట్ ఖాళీ డివ్ ఒకటి ఇస్తుంది, జావాస్క్రిప్ట్ అందులో ఇల్లు కట్టుకుంటుంది, డేటా రిసోర్స్ యూఆర్ఎల్ ద్వారానో, రెస్ట్ ఏపీఐ ద్వారానో వస్తుంది. యాంగ్యులర్, వ్యూ జేఎస్ అయినా అంతే.

పడిపోయేది ఇక్కడే. మా పిల్లల్లో ఒకతను మండలం ఎంచుకుంటే ధాన్యం రాక చూపించే పోర్ట్‌లెట్ చేశాడు. డ్రాప్‌డౌన్‌కి ఐడీ "మండల్" అని పెట్టాడు. డెమోలో నేను అదే పోర్ట్‌లెట్‌ని పేజీ మీద రెండుసార్లు పెట్టాను, ఎడమవైపు నిడమనూరు, కుడివైపు త్రిపురారం పక్కపక్కన చూద్దామని. కుడివైపు త్రిపురారం ఎంచుకుంటే ఎడమవైపు పట్టిక మారింది. కుడివైపుది కదల్లేదు. అతను బ్రౌజర్ మార్చాడు, క్యాష్ క్లియర్ చేశాడు, సర్వర్ రీస్టార్ట్ చేశాడు. పేజీలో ఒకే ఐడీ రెండు చోట్ల ఉంటే బ్రౌజర్ మొదటిదాన్నే పట్టుకుంటుంది, దానిది తప్పు లేదు. ప్రతి ఐడీకి, ప్రతి గ్లోబల్ ఫంక్షన్ పేరుకి ముందు పోర్ట్‌లెట్ నేమ్‌స్పేస్, అంటే పేజీ మీద ఆ ఒక్క పోర్ట్‌లెట్‌కే చెందిన పేరు ముక్క, తగిలించాలి. ట్యాగ్ లైబ్రరీలో దానికి ట్యాగ్ రెడీగా ఉంది. సీఎస్‌ఎస్‌కీ ఇదే సూత్రం. మీరు టేబుల్ ట్యాగ్‌కి రంగు వేస్తే పోర్టల్‌లో అందరి టేబుళ్లకూ అదే రంగు పడుతుంది.

ఇంకొకటి బరువు. ఆరు పోర్ట్‌లెట్లు ఆరు రియాక్ట్ కాపీలు మోసుకొస్తే ఊళ్లో నెట్ మీద ఆ పేజీ తెరుచుకునేలోపు చాయ్ తాగి రావచ్చు. లైబ్రరీని అందరికీ ఒక్కటే ఉండేలా పంచుకునే ఏర్పాటు మొదటి రోజే చేయండి. లైఫ్‌రే 7.4లో క్లయింట్ ఎక్స్‌టెన్షన్లు వచ్చాయి. కస్టమ్ ఎలిమెంట్ రాసి, జావా ముట్టకుండానే పేజీ మీద పెట్టుకోవచ్చు. ఈ దారిలో పోర్ట్‌లెట్ అన్నదే దాదాపు మాయమైపోతుంది.

పాత అప్లికేషన్‌ని ఐఫ్రేమ్‌లో పెట్టేస్తే పోదా?

పోతుంది, ఒక నెల. ఆ తర్వాత రెండు స్క్రోల్‌బార్లు, సరిపోని ఎత్తు, తికమకపడే బ్యాక్ బటన్. డొమైన్లు వేరైతే బ్రౌజర్ కుకీలు ఆపి మళ్లీ లాగిన్ అడుగుతుంది. అవతలి సర్వర్ ఎక్స్ ఫ్రేమ్ ఆప్షన్స్ హెడర్ పెట్టి ఉంటే అసలు తెరుచుకోదు. ఏడాదిలో తీసేయబోయే అప్లికేషన్‌కి తాత్కాలికంగా పెట్టుకోండి, నేనూ పెట్టాను. ఆ తాత్కాలికం ఐదేళ్లు నడిచిందన్నది వేరే సంగతి.

డబ్ల్యూఎస్‌ఆర్‌పీ?

వేరే సర్వర్‌లో ఉన్న పోర్ట్‌లెట్‌ని మన పోర్టల్‌లో చూపించడానికి ఓయాసిస్ అనే స్టాండర్డ్‌ల సంస్థ తెచ్చిన స్టాండర్డ్. 2003లో మొదటిది, 2008లో రెండోది. ఆలోచన గొప్పది, నడక మందం. ఇప్పుడు ఆ పని రెస్ట్ ఏపీఐలతో జరిగిపోతోంది.

ఒక పోర్ట్‌లెట్‌లో రైతుని ఎంచుకుంటే పక్క పోర్ట్‌లెట్‌లో అతని చెల్లింపులు రావాలి. ఎట్లా?

విలువ చిన్నదైతే, అంటే రైతు నంబరు లాంటిదైతే, పబ్లిక్ రెండర్ పారామీటర్ వాడండి. రెండు పోర్ట్‌లెట్లూ ఒకే పేరుని పోర్ట్‌లెట్ ఎక్స్‌ఎమ్ఎల్‌లో చెబితే చాలు, కోడ్ పెద్దగా ఉండదు. పేరొక్కటే అవతలి టీముతో ముందే మాట్లాడుకోవాలి. ఆబ్జెక్ట్ పంపాలన్నా, అవతలివాడు అది చూసి ఏదైనా పని చేయాలన్నా ఈవెంట్లు వాడండి. యాక్షన్‌లో ఈవెంట్ వదిలితే, రెండర్‌కి ముందే అవతలి ప్రాసెస్ ఈవెంట్ నడుస్తుంది. ఒక ఈవెంట్ ఇంకో ఈవెంట్‌ని లేపుతూ పోతే ఎవరు ఎవర్ని పిలిచారో లాగ్‌లో వెతకడం నరకం, తక్కువ వాడండి.

అప్లికేషన్ స్కోప్ సెషన్‌లో పడేసి పంచుకోవడం మూడో పద్ధతి. రెండు పోర్ట్‌లెట్లూ ఒకే వార్ ఫైల్‌లో (వెబ్ అప్లికేషన్ ప్యాకేజీలో) ఉన్నంతవరకు నడుస్తుంది. రెండు ట్యాబుల్లో ఇద్దరు రైతుల్ని తెరిస్తే ఒకరి చెల్లింపులు ఇంకొకరి పేరు కింద కనిపిస్తాయి. డబ్బు లెక్కల దగ్గర ఈ సాహసం వద్దు.

లేబుళ్లు తెలుగులో పెడితే పిచ్చి గీతలు వస్తున్నాయి. ఏం చేయాలి?

జావా 8 వరకు ప్రాపర్టీస్ ఫైళ్లను ఐఎస్‌ఓ 8859-1గా చదివేవారు, అందులో తెలుగు లేదు. అప్పట్లో నేటివ్ టు ఆస్కీ అనే టూల్‌తో ప్రతి అక్షరాన్నీ యూనికోడ్ నంబరుగా మార్చేవాళ్లం. "మండలం" అని రాసి పెడితే ఫైల్‌లో అంకెల వరుస కనిపించేది, తప్పు దొర్లినా తెలిసేది కాదు. జావా 9 నుంచి రిసోర్స్ బండిళ్లు యూటీఎఫ్-8గానే చదువుతాయి. అయినా గీతలు వస్తుంటే జేఎస్‌పీ (హెచ్‌టీఎమ్ఎల్‌లో జావా కలిపి రాసే పేజీ) ఎన్‌కోడింగ్, డేటాబేస్ క్యారెక్టర్ సెట్ చూడండి. పీడీఎఫ్‌లో ఒత్తులు విడిపోతే అది వేరే రోగం, పీడీఎఫ్ లైబ్రరీది.

ఇన్ని చెప్పారు, చివరికి ఏది ఎంచుకోవాలి?

నేను మొదట అడిగేది టెక్నాలజీ గురించి కాదు. మీరు వెళ్లిపోయాక దీన్ని ఎవరు చూసుకుంటారు? జావా తెలిసిన ఇద్దరు మనుషులుండి, రెండు మూడు స్క్రీన్లే ఉంటే స్టాండర్డ్ ఏపీఐ, జేఎస్‌పీ చాలు. లైఫ్‌రే మీదే ఉండిపోయే పెద్ద అప్లికేషన్ అయితే దాని ఎంవీసీ. స్క్రీన్ మీద కదలికలు ఎక్కువుండి, ఫ్రంట్ ఎండ్ టీము వేరుగా ఉంటే రియాక్ట్. ఏ దారిలో పోయినా లెక్కలు, రూల్స్, డేటాబేస్ పని పోర్ట్‌లెట్ బయట మామూలు జావా జార్‌లోనో, సర్వీస్‌లోనో ఉండాలి. అది మీరు వినకపోతే పైన ఏది ఎంచుకున్నా నాకు పెద్ద తేడా కనిపించదు.

నల్గొండ, పాలమూరులోనే ఉండి ఈ పని చేయొచ్చా?

2023లో మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో ఐటీ టవర్, నల్గొండలో ఐటీ హబ్ తెరిచారు. పోర్ట్‌లెట్ పని ఎక్కువగా మెయింటెనెన్స్, వెర్షన్ అప్‌గ్రేడ్‌లే కాబట్టి ఇంటి నుంచి చేసేవాళ్లూ ఉన్నారు. బ్యాంకు క్లయింట్ అయితే వాళ్ల నెట్‌వర్క్‌లోకి రానివ్వడానికి వాళ్ల పద్ధతులు వాళ్లకుంటాయి. రిలీజ్‌లు రాత్రి పూటే, అది ఏ ఊళ్లో ఉన్నా తప్పదు.

ఇంట్లో ప్రాక్టీస్‌కి ఏం పెట్టుకోవాలి? నాది 8 జీబీ లాప్‌టాప్.

8 జీబీలో లైఫ్‌రే, ఎక్లిప్స్, క్రోమ్ మూడూ కలిపి తెరిస్తే ఫ్యాను గిర్రున తిరుగుతుంది. మొదట అపాచీ ప్లూటో పెట్టుకోండి. స్పెక్‌కి రిఫరెన్స్ ఇంప్లిమెంటేషన్ అదే, టామ్‌క్యాట్‌తో కలిపిన బండిల్ దొరుకుతుంది, తేలిగ్గా లేస్తుంది. చూడ్డానికి అందంగా ఉండదు, నేర్చుకోవడానికి అది అడ్డం కాదు.

ఒక లెక్కింపు పోర్ట్‌లెట్ రాయండి. డూవ్యూ నడిచిన ప్రతిసారీ లాగ్‌లో ఒక లైను పడాలి. దాన్ని పేజీ మీద రెండుసార్లు పెట్టి, పక్కన ఇంకేదైనా పోర్ట్‌లెట్ పెట్టి, ఆ పక్కదాంట్లో పదిసార్లు క్లిక్ చేయండి. లాగ్‌లో ఎన్ని లైన్లు పడ్డాయో లెక్కపెట్టి, ఎందుకో రాసుకుని అప్పుడు నాకు ఫోన్ చేయండి.